మోటుపల్లి రేవు – చీనా రేవులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవమున నన్నుకూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. భారతమునుండియో భాగవతమునుండియో ఏదేని ఘట్టమును చెప్పుదునని వారు తలంచియుందురు. కావ్యములు చదువుట నా అభిరుచి. ఊరి లెక్కలు వ్రాయుట నా వృత్తి. ఈ రెండును ఒకచోట కలియు విషయమును నేడు ఎన్నుకొంటిని. చీనా సామ్రాజ్యము తన చివరి మూడు రాజవంశముల కాలమున, అనగా సుమారు 1271 మొదలు 1912 వఱకు, బయటి దేశములతో ఎట్లు మెలగినది, దాని ఫలమేమైనది అనునదే ఆ విషయము. నేను చరిత్రాచార్యుడను కాను. లెక్కలు చూచు కంటితో ఈ చరిత్రను చూచి, నాకు తోచినదానిని మీకు మనవి చేసికొందును.

ధూళిమిట్టకును చీనాకును సంబంధమేమని మీలో కొందఱు అనుకొనవచ్చును. కాళిదాసు శాకుంతలమున రథధ్వజమునకు చీనాంశుకమును చెప్పెను. మన కవులు రాజులను వర్ణించునపుడు చీనాంబరములు కట్టింపక మానరు. మన భాషలో పట్టునకే ఆ దేశము పేరు వచ్చినది. మాట ఊరక రాదు. సరకుతో కలిసి వచ్చును. సరకు ఓడమీద వచ్చును. ఓడ రేవునకు వచ్చును. రేవున సుంకము ఉండును. సుంకమున్నచోట లెక్క యుండును. ఆ లెక్కయొద్దనే నా ప్రసంగము ప్రారంభమగుచున్నది.

మన ఓరుగల్లు నేలిన కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సముద్రతీరమున మోటుపల్లి రేవును తన వశము చేసికొనెను. అది నేటి బాపట్ల జిల్లాలో చినగంజాము దగ్గఱ నున్న చిన్న గ్రామము. అచ్చటి వీరభద్రాలయమున ఆ చక్రవర్తి శక సంవత్సరము 1166 క్రోధి నామ సంవత్సరమున, అనగా క్రీ.శ. 1244–45లో, ఒక శాసనము వేయించెను. దానినే అభయశాసనమని చరిత్రకారులు పిలుచుచున్నారు. అంతకుమునుపు ఒక దుష్టాచార ముండెడిది. గాలివానకు ఓడ చెడి తీరమునకు కొట్టుకొనివచ్చినచో, అందున్న ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సరకునంతను రాజు బలవంతముగా తీసికొనెడివాడు. మునిగినవాని సొమ్ము రాజుదే యను న్యాయము! గణపతిదేవుడు ఆ ఆచారమును త్రోసివేసెను. ప్రాణముకంటె ధనమే మిన్నయని ఎంచి సముద్రమున సాహసించి వచ్చు వర్తకులపై దయయుంచి, కీర్తినిమిత్తమును ధర్మనిమిత్తమును, నిర్ణీతమైన సుంకము తప్ప వేఱేమియు తీసికొనమని అభయమిచ్చెను.

ఆ నిర్ణీత సుంకమెంత? ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొక పాలు. పాత లెక్కలో నూటికి 3 రూపాయల 5 అణాల 4 పైలు. గంధము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, సీసము, పట్టు, పగడము, మిరియములు, పోకలు మొదలగు సరకులను శాసనము పేరుపేరున పేర్కొన్నది. ఈ పట్టీలో కర్పూరము రెండు విధములుగా నున్నది: ఒకటి దేశీ కర్పూరము, రెండవది చీనా కర్పూరము. ఈ ఒక్క మాటచేత ఓరుగల్లు రాజ్యపు లెక్కలలో చీనా దేశమునకు చోటు దొరకినది.

ఈ శాసనములోని తెలివిని గమనింపవలెను. సుంకమెంతయో ముందే తెలిసిన వర్తకుడు తన లాభనష్టములను తన దేశముననే లెక్క వేసికొని ఓడ ఎక్కగలడు. తెలియనివాడు రాడు, వచ్చినను సరకు దాచును. రేవు అధికారి నోటికి వచ్చినదే సుంకమైనచో రాజునకు వచ్చునది తక్కువ, అధికారి సంచిలోనికి పోవునది ఎక్కువ. రాతిమీద చెక్కిన లెక్కను ఎవ్వడును దిద్దలేడు. అందుచేతనే తరువాత మోటుపల్లి నేలిన రెడ్డిరాజులలో అనపోతారెడ్డి సహితము 1358లో అట్టి అభయమునే మఱల శాసనరూపమున ప్రకటించెను. రాజ్యము మాఱినను రేవునకు నమ్మకము కావలెను గదా!

ఇక సముద్రమునకు ఆవలి ఒడ్డును చూతము. గణపతిదేవుని శాసనము పుట్టిన ముప్పది యేండ్లకు లోపల మంగోలు వీరుడైన ఖుబ్లాయ్ ఖాను 1271లో చీనాలో యువాన్ వంశమును స్థాపించెను. 1279 నాటికి దేశమునంతను జయించెను. గుఱ్ఱముమీద పుట్టి పెరిగిన జాతివాడైనను సముద్ర వ్యాపారము విలువ నెఱిగినవాడు. నాటి చీనా రేవులలో మిక్కిలి ప్రసిద్ధమైనది చువాన్ జౌ. అచ్చట 1281లో దక్షిణ భారత వర్తకులు శివప్రతిష్ఠ చేసి, తమిళ చీనా భాషలలో వేయించిన శాసనము బయల్పడినది. ఖుబ్లాయ్ ప్రభుత్వము 1293లో రేవు వ్యాపారమునకు నిబంధనలు వ్రాసినది. వస్తువులలో ప్రభుత్వమునకు రావలసిన పాలుగాక, చువాన్ జౌలో ముప్పదింట నొకటి యను సుంకము వాడుకలో నుండగా, దానిని తక్కిన రేవులకును వర్తింపజేసిరి. మోటుపల్లిలోను ముప్పదింట నొకటి, చువాన్ జౌలోను ముప్పదింట నొకటి! ఒకరిని చూచి ఒకరు వ్రాసిరని నేననను. వర్తకుడు భరింపగల భారమెంతయో తెలిసినవారు రెండు ఒడ్డులను ఉండిరని మాత్రము చెప్పవచ్చును.

వెనీసు వర్తకుడు మార్కో పోలో ఖుబ్లాయ్ కొలువున చాలకాలముండి, పారసీక దేశపు మంగోలు రాజునకు వధువుగా పోవుచున్న రాజకన్య వెంట సముద్రమార్గమున బయలుదేరెను. అది 1290 తరువాతి రెండు మూడేండ్ల మాట. తన గ్రంథమున అతడు ముత్ఫిలి యను రాజ్యమును వర్ణించెను. అదే మన మోటుపల్లి. అచ్చటి వజ్రములను, సాలెగూడువలె పలుచనైన వస్త్రములను, న్యాయముతో రాజ్యమేలిన ఒక రాణిని ప్రశంసించెను. ఆ రాణి రుద్రమదేవియే. కాని ఆమెను రాజునకు భార్యయని అతడు వ్రాసినది పొరపాటు. ఆమె గణపతిదేవుని కుమార్తె. నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనమువలన 1289 నాటికే ఆమె పరమపదించినట్లు తెలియుచున్నది. కావున అతడు వచ్చునాటికి ఏలుచున్నది ప్రతాపరుద్రుడే. అతడు మోటుపల్లిలో స్వయముగ దిగెనో, నావికులవలన వినెనో పండితులు వాదించుకొనుచున్నారు. ఏదియైనను, మన రాణి కీర్తి ఆ సముద్రమార్గమునందంతటను వ్యాపించియుండుట నిజము.

1368లో మంగోలులను వెడలగొట్టి మింగ్ వంశము వచ్చెను. మొదటి చక్రవర్తి హంగ్ వూ పేద రైతు కుటుంబమున పుట్టినవాడు. సముద్రపు దొంగల భయముచేతను, తీరమున తనకు శత్రువులు బలపడుదురను శంకచేతను, 1371లో ప్రజలెవ్వరును సొంతముగా సముద్రము దాటి వ్యాపారము చేయరాదని శాసించెను. విదేశీయులు కప్పము తెచ్చు రాయబారులుగా వచ్చిననే సరకు మార్చుకొనుటకు అనుమతి. అనగా వర్తకుడు వర్తకుడుగా రాకూడదు. సామంతుని దూతగా వంగి రావలెను.

ఆ వంశముననే మూడవ చక్రవర్తి యుంగ్ లో ఆజ్ఞచే మొదలుపెట్టి చెంగ్ హో అను నౌకాధిపతి 1405 మొదలు 1433 వఱకు ఏడు మాఱులు మహానౌకాదళముతో పశ్చిమ సముద్రములకు వచ్చెను. మొదటి యాత్రలోనే 27,000 మందికి పైగా జనముండిరి. కోళిక్కోడు, కొచ్చి వారికి ముఖ్యమైన మజిలీలు. హురుమంజియును ఆఫ్రికా తీరమును వారు చూచిరి. సింహళమున గాల్లే పట్టణమున దొరకిన 1409 నాటి వారి శాసనము చీనా, తమిళ, పారసీక భాషలు మూడింట నున్నది. ఒకే రాతిమీద చీనీయులు బుద్ధునికిని, తమిళమున విష్ణువునకును, పారసీకమున అల్లాకును కానుకలు సమర్పించిరి. చేతిలో అంత బలముండియు పరదేశమున ఆ మర్యాద చూపిరి. అయినను ఆ బలమును చూపక మానలేదు. ఎదిరించిన సింహళరాజును పట్టుకొని పోయిరి.

1433 తరువాత ఆ యాత్రలు నిలిచిపోయినవి. ఖర్చు అధికమని, ఉత్తరపు సరిహద్దున మంగోలుల భయము ముఖ్యమని, ఓడల యాత్రలు వ్యర్థమని రాజసభలోని వారు వాదించి గెలిచిరి. లెక్క వ్రాయువాడనుగా వారి వాదములో నాకు కొంత న్యాయము తోచుచున్నది. ఆ యాత్రలలో వ్యయము రాజుది, కీర్తి రాజుది. ప్రజల వ్యాపారము మాత్రము నిషిద్ధము. రాజు విసిగిననాడు ఓడను నడుపుటకు మఱియొకడు లేడు.

అదే కాలమున మన తెలుగు నేలలో జరుగుచున్నదేమి? శ్రీనాథ మహాకవి హరవిలాసమును అవచి తిప్పయసెట్టి యను వర్తకునికి అంకితమిచ్చెను. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన కుటుంబమది. ఆ సెట్టి తెప్పించిన సరకులను కవి పద్యమున వరుసగా పేర్కొనెను: సింహళపు ఏనుగులు, హురుమంజి గుఱ్ఱములు, భోటదేశపు కస్తూరి, చీనా పట్టువస్త్రములు. చీనాలో ప్రజలకు సముద్ర వ్యాపారము నిషేధమైయున్న దినములవి. అయినను పట్టు కొండవీటికి వచ్చుచునే యున్నది. ఆజ్ఞచేత వ్యాపారము ఆగదు; లెక్కలోనికి వచ్చుట మాత్రమే ఆగును. చీనాలోనే ఈ నిషేధము దొంగవ్యాపారమును, ఓడదొంగలను పెంచెను. తుదకు 1567లో మింగ్ ప్రభుత్వమే దానిని సడలింపవలసి వచ్చెను.

ఆ పిమ్మట ఐరోపావారి ఓడలు అమెరికా గనుల వెండిని తెచ్చి, చీనా పట్టును పింగాణిని కొనిపోయెను. దేశమున వెండి ప్రవహించెను. 1581 నాటికి భూమిశిస్తును, వెట్టిచాకిరికి బదులు పన్నును కలిపి ఒక్కటిగా చేసి వెండిలో వసూలు చేయు పద్ధతి దేశమంతట అమలునకు వచ్చెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు: పల్లెటూరి రైతు శిస్తు వెండిలో, ఆ వెండి సముద్రము మీదుగా వచ్చునది. రైతు ఎన్నడును సముద్రమును చూడకపోవచ్చును. సముద్రము అతని ఇంటిలోనికే వచ్చి కూర్చున్నది.

1644లో మంచూ జాతివారి చింగ్ వంశము వచ్చెను. కాంగ్ షీ చక్రవర్తి 1684లో సముద్ర వ్యాపారమును తెఱచి సుంకపు ఠాణాలు పెట్టించెను. ఆయన మనుమడు చియన్ లుంగ్ 1757లో పాశ్చాత్యుల వ్యాపారమును కాంటన్ రేవు ఒక్కదానికే పరిమితము చేసెను. ప్రభుత్వము అనుమతించిన కొలది వర్తక సంఘములవారితోనే విదేశీయులు వ్యవహరింపవలెను. నగరములో నివసింపరాదు, వ్యాపారపు ఋతువు ముగియగానే కాంటన్ విడిచిపోవలెను. సుంకపు పట్టీ ఉండెను గాని, దానిపై అధికారుల కానుకలు, మామూళ్ళు ఇన్నని చెప్పుటకు వీలులేదు. మోటుపల్లి రాతికిని కాంటన్ కచ్చేరికిని భేదమిదియే.

1793లో ఆంగ్లేయ రాజు పక్షమున మెకార్ట్నీ ప్రభువు కానుకలతో వచ్చి మఱికొన్ని రేవులను తెఱవుమని కోరెను. సాష్టాంగముగ తల నేలకు ఆనించు ఆచారమును అతడు పాటింపవలెనా వద్దా అని పెద్ద వివాదము నడచెను. చక్రవర్తి ఆ కోరికలన్నియు నిరాకరించుచు, తన దేశమున సమస్తమును సమృద్ధిగా నున్నదని, పరదేశపు వస్తువుల అక్కఱ తనకు లేదని ప్రత్యుత్తరమిచ్చెను. ఆ మాటలో అహంకారమున్నదని అందఱును అందురు. ఆనాటి లెక్క ప్రకారము అందు నిజమును ఉన్నది. ఆంగ్లేయులకు చీనా తేయాకు లేనిది గడవదు. చీనీయులకు ఆంగ్లేయుల సరకులలో విశేషముగ కావలసినది లేదు. కావున తేయాకునకు వెండి ఇయ్యవలసివచ్చెను.

ఈ లెక్కను తారుమారు చేసినది నల్లమందు. ఈస్టిండియా కంపెనీ బీహారు, కాశీ ప్రాంతముల రైతులచేత గసగసాల పంట పండింపజేసి, నల్లమందును కలకత్తాలో వేలము వేసెడిది. ప్రైవేటు వర్తకులు దానిని కొని చీనా తీరమున దొంగతనముగా దింపెడివారు. మాళవపు నల్లమందు బొంబాయి మీదుగా పోయెడిది. చీనా ప్రభుత్వము 1729లోనే దీనిని నిషేధించెను. అయినను 1820 ప్రాంతమున ఏటికి సుమారు 4,000 పెట్టెలుగా నున్నది 1838 నాటికి ఇంచుమించు 40,000 పెట్టెలైనది. ఇప్పుడు వెండి చీనాలోనికి వచ్చుట మాని బయటికి పోసాగెను.

ఇందాక జ్ఞాపకముంచుకొనుడంటినే, ఆ రైతును ఇప్పుడు చూడుడు. అతడు ధాన్యమునమ్మి రాగికాసులు తెచ్చుకొనును; శిస్తు మాత్రము వెండిలో లెక్క. వెనుక ఒక తులము వెండికి 1,000 కాసులు. 1840 నాటికి 1,600 కాసులు దాటినది. ఏటికి మూడు తులముల శిస్తు గలవాడు మునుపు 3,000 కాసులు చెల్లించెడివాడు, ఇప్పుడు 4,800. ప్రభుత్వము శిస్తు ఒక్క కాసైనను పెంచలేదు! మన నైజాం రాజ్యమున హాలీ సిక్కా, కల్దారు అను రెండు నాణెములు నడచిన సంగతి మన పెద్దలవలన వినియున్నాము. నూఱు కల్దారులకు 116కు పైగా హాలీ రూపాయలు ఇయ్యవలసియుండెడిది. మారకములో పోవు సొమ్ము కంటికి కనబడదు గాని సంచికి తెలియును. వెండి కఱవునకు నల్లమందు ఒక్కటే కారణము కాదు. ఆ కాలమున లోకమున వెండి దిగుబడి తగ్గుటయు, రాగికాసులు తేలికపడుటయు తోడైనవి. కాని నల్లమందు అధికమగుకొలది ఆ గాయము లోతైనది.

1839లో చక్రవర్తి లిన్ జెషు అను నీతిమంతుడైన అధికారిని కాంటన్‌కు పంపెను. ఆయన విదేశీ వర్తకులను నిర్బంధించి 20,000కు పైగా పెట్టెల నల్లమందును స్వాధీనము చేసికొని, సున్నమును ఉప్పును కలిపిన నీటి గుంటలలో కరిగించి సముద్రమున కలిపివేయించెను. దీనిని నెపముగా చేసికొని ఆంగ్లేయులు యుద్ధనౌకలను పంపిరి.

ఇచ్చట మనవారి ప్రస్తావన వచ్చును. ఆ యుద్ధమునకు పోయిన సేనలలో మదరాసు సైన్యపు పటాలములు పెక్కులుండెను. మదరాసు సైన్యమునకు భటులు తమిళ జిల్లాలనుండియు తెలుగు జిల్లాలనుండియు పోయెడివారు. ఉత్తర హిందూస్థానమున సిపాయికి తెలింగా యను పేరే వ్యవహారమైనది. 1841 మే మాసాంతమున కాంటన్ సమీపమునగల సాన్ యువాన్ లీ అను పల్లె ప్రాంతమున రైతులు వేలకొలదిగా ఈటెలు, కత్తులు, పార పలుగులు పట్టి తిరుగబడిరి. కుండపోతగా వాన కురిసెను. 37వ మదరాసు పటాలములో సుమారు 60 మంది గల ఒక దళము తన సేననుండి తప్పిపోయి వరిమళ్ళలో చిక్కుకొనెను. తడిసిన తుపాకులు పేలలేదు. చుట్టును రైతులు. చీకటి పడిన పిమ్మట, వానలోను పేలగల క్రొత్త తుపాకులతో నావికభటులు వచ్చి వారిని విడిపించిరి. ఈ పల్లెయుద్ధమును చీనీయులు నేటికిని గర్వముతో స్మరింతురు.

ఆ దృశ్యమును ఒక్కసారి ఊహింపుడు. ఒక దేశపు రైతు పండించిన నల్లమందు; ఆ దేశపు రైతుబిడ్డయే దానికొఱకు జరిగిన యుద్ధమున భటుడు; ఎదుట వరిమడిలో నిలిచినవాడు మఱియొక దేశపు రైతు. ఇరువురికిని పరస్పర వైరమేమి? లాభము వ్రాసికొన్న చిట్టా ఈ ఇరువురిలో ఎవరి ఇంటను లేదు.

1842 ఆగస్టు 29న నాన్‌కింగ్ సంధి జరిగెను. చీనా 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు చెల్లించుటకును, హాంకాంగ్‌ను ఇచ్చివేయుటకును, కాంటన్, అమోయ్, ఫూచౌ, నింగ్‌పో, షాంఘై అను అయిదు రేవులు తెఱచుటకును ఒప్పుకొనెను. మఱుసటి యేట సుంకపు పట్టీ వ్రాయబడెను. సుమారుగా నూటికి అయిదు. ఇతరుల అంగీకారము లేక చీనా దానిని పెంచుకొనుటకు వీలులేదు.

సోదరులారా, లెక్క చూడుడు. గణపతిదేవుని సుంకము నూటికి మూడుంబావుకంటె కొంచె మెక్కువ. నాన్‌కింగ్ తరువాతి సుంకము నూటికి అయిదు. అంకెను బట్టి చూచినచో గణపతిదేవునికంటె చీనా చక్రవర్తికే ఎక్కువ వచ్చినది! కాని మొదటిదానిని అభయమందుము, రెండవదానిని బానిసత్వమందుము. ఏలయన, మోటుపల్లి లెక్కను ఆ దేశపు రాజు తన చేత వ్రాసెను. మార్చుకొను హక్కు అతనిదే. రెండవదానిని ఫిరంగి నీడలో పరులు వ్రాయగా ఇతడు ముద్ర వేసెను. సుంకము హెచ్చా తగ్గా అనునది రెండవ ప్రశ్న. కలము ఎవరి చేతిలో నున్నది అనునదే మొదటి ప్రశ్న. రేవు తెఱచుట తప్పు కాదు, మూయుటయు తప్పు కాదు. ఆ నిర్ణయము తనదై యుండవలెను.

గణపతిదేవుని యొద్దకు వచ్చిన వర్తకులకు యుద్ధనౌకలు లేవు గదా, ఈ పోలిక న్యాయమేనా అని ఎవరైన అడుగవచ్చును. తగిన ప్రశ్నయే. అందుకు సమాధానము మన తీరముననే యున్నది. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఆంగ్లేయ కంపెనీకి ఒక ఫర్మానా ఇచ్చెను. ఏటికి 500 వరహాలు చెల్లించి తన రాజ్యపు రేవులలో స్వేచ్ఛగా వ్యాపారము చేసికొనవచ్చునని అందలి సారము. అప్పుడు మచిలీపట్నము నెదుట ఫిరంగి పేలలేదు. వ్యాపారము ఎంత పెరిగినను చెల్లించునది అంతే. ముప్పదింట నొక పాలైనచో వ్యాపారముతో పాటు ఆదాయము పెరుగును. కట్టుబడి సొమ్ము పెరుగదు. అనగా కలమును పోగొట్టుకొనుటకు ఓటమియే అక్కఱలేదు. ముందుచూపు లేకపోయినను చాలును. ఆ విషయమున చీనాకంటె మనమే రెండువందల యేండ్లు ముందుంటిమి.

తరువాతి కథ త్వరగా చెప్పుదును. 1856 మొదలు 1860 వఱకు రెండవ యుద్ధము. పీకింగ్ దగ్గఱనున్న చక్రవర్తి ఉద్యానభవనములను తగులబెట్టిరి. నల్లమందు వ్యాపారము చట్టసమ్మతమైనది. చీనా సుంకపు కచ్చేరులన్నింటిపై 1863 మొదలు 1911 వఱకు సర్వాధికారి రాబర్టు హార్టు అను ఐర్లండు దేశీయుడు. ఆయన నిజాయితీపరుడు, దక్షుడు. ఆయన కాలమున లెక్కలు చక్కబడినవి, ఆదాయము పెరిగినది. నిజమును నిజముగా చెప్పవలెను. కాని చక్కని లెక్కయైనను ఆ సొమ్ము ఎక్కువగా విదేశీ అప్పులకును పరిహారములకును జమయైనది. 1900లో బాక్సర్ల తిరుగుబాటు జరుగగా ఎనిమిది రాజ్యముల సేనలు పీకింగ్ చొచ్చెను. 1901 సెప్టెంబరు 7న వ్రాసిన ఒప్పందము ప్రకారము చీనా 45 కోట్ల తులముల వెండి, నూటికి నాలుగు వడ్డీతో 39 ఏండ్లలో చెల్లింపవలెను. అందులకు సుంకముల ఆదాయము తాకట్టు. 1912లో ఆఱేండ్ల బాలచక్రవర్తి సింహాసనమును విడుచుటతో రాజవంశముల కథ ముగిసెను. తన సుంకమును తానే నిర్ణయించుకొను హక్కు చీనాకు 1928–30 సంవత్సరములలో గాని తిరిగి రాలేదు. 1843లో పోయిన కలము చేతికి వచ్చుటకు ఎనుబదియేండ్లకు పైగా పట్టినది!

ఇక ఈ కథకును మన గ్రంథాలయమునకును గల సంబంధమును చెప్పి ముగింతును.

ఓడిపోయిన లిన్ జెషును చక్రవర్తి పదవినుండి తొలగించి దేశపు సరిహద్దులకు పంపెను. ఆయన కాంటన్‌లో నుండగా విదేశముల భూగోళమును, వార్తాపత్రికలను చీనా భాషలోనికి మార్పించియుండెను. ఆ కాగితములను తన మిత్రుడు వెయ్ యువాన్ అను పండితునికి ఒప్పగించెను. వెయ్ యువాన్ వానిని పెంచి, సముద్రపు ఆవలి రాజ్యముల దేశపటములతో వర్ణనలతో ఒక మహాగ్రంథము రచించెను. 1840 తరువాతి సంవత్సరములలో 50 ప్రకరణములతో వెలువడి, 1852 నాటికి 100 ప్రకరణములైనది. పరుల విద్యను నేర్చి ఆ విద్యతోనే పరులను నిలువరింపవలెనని ఆయన ఉపదేశము. చీనా రాజసభ ఆ గ్రంథమును పెద్దగా లక్ష్యపెట్టలేదు. అది ఓడమీద జపానుకు పోయెను. అచ్చటివారు 1850 తరువాతి దశకమున దానిని మఱల మఱల ముద్రించుకొని చదివిరి. వ్రాసినది చీనా, మేల్కొన్నది జపాను. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన సామెత. దీపము ఇంటిలోనే యున్నది, చూచువారు లేకపోయిరి.

చీనా చేత ఆ అప్పుపత్రము వ్రాయించుకొన్న 1901 సెప్టెంబరు మాసముననే, 1వ తేదీని, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1904లో మన హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. తెలుగు పుస్తకము తెలంగాణమున దొరకుటయే కష్టమైన దినములలో ఆ పెద్దలు దీపము పెట్టిరి. ఆ పరంపరలోనిదే మన ఈ చిన్న నిలయము. ఇరువది యైదేండ్లు దీనిని నిలిపిన కార్యకర్తలకు నా కృతజ్ఞతలు.

గ్రంథము బీరువాలో నుండుట వేఱు, చదువువాని బుద్ధిలో నుండుట వేఱు. తన పాసుపుస్తకములోని విస్తీర్ణమెంతయో, తాను వేలిముద్ర వేసిన కాగితములో వడ్డీ ఎంతయో, విత్తనముల రసీదులో ధర ఎంతయో స్వయముగ చదువలేని రైతు, నాన్‌కింగ్‌లో ముద్ర వేసిన చక్రవర్తికి చిన్న తమ్ముడే. అతని లెక్కను ఎవరో వ్రాయుదురు, అతడు ఒప్పుకొనును. లెక్కలు వ్రాయు వృత్తిలో నున్నవాడను గనుక ఈ మాట నిర్భయముగ చెప్పుచున్నాను: నేను వ్రాసిన లెక్కనైనను మీరు చదివి, కూడి, అడిగి, ఆ తరువాతనే ఒప్పుకొనుడు. అట్లు అడుగువారు ఊరిలో ఎంతమంది పెరుగుదురో, మన గ్రంథాలయము అంత వృద్ధి పొందినట్లు నేను తలంతును.

స్వర్ణోత్సవమునాటికి ఈ నిలయమున పుస్తకముల సంఖ్యయు, వానిని చదివి నలిపిన చేతుల సంఖ్యయు ఇనుమడించుగాక యని కోరుచున్నాను.